నేను చచ్చిపోయే సీను

నన్ను చంపినవాళ్ళలో కొరీన్ టాబర్ ఏడోది. మొదటావిడ పాట బాగా పాడేది. రెండో ఆవిడకు పిస్తోలు పట్టుకుంటే చెయ్యి వణికేది. మూడో ఆవిడ టీవీలో వంటలు చేసి పేరు తెచ్చుకున్న మనిషి, ప్రతి ఆటకు ముందూ ఉల్లిపాయ తిని వచ్చి నా మొహం మీద ఊపిరి వదిలేది. మిగతా ముగ్గురూ నాకిప్పుడు కలగాపులగమైపోయారు. మూడేళ్ళుగా వారానికి ఎనిమిదిసార్లు చస్తున్నాను, ఎవరి చేతిలో ఎలా చచ్చానో గుర్తుపెట్టుకోవడం నా వల్ల అయ్యే పని కాదు.

నా పేరు లైల్. నలభై ఏడేళ్ళు. మా నాటకం పేరు 'ముత్యాల టోపీ', ఊరూరా తిరిగి ఆడే పాటల నాటకం. 1926లో టిల్లీ అనే పిల్ల టోపీలు కుట్టుకు బతుకుతుంటుంది. తనను ఉంచుకున్న దొంగసారా వ్యాపారిని ఒకరోజు దుకాణంలోనే కాల్చేస్తుంది. పేపర్లవాళ్ళు ఆమెను నెత్తిన పెట్టుకుంటారు. ఊళ్ళో ఆడవాళ్ళంతా ఆమె టోపీలాంటిదే కొనుక్కుని, పెట్టుకుని కోర్టుకు వస్తారు. జ్యూరీ వదిలేస్తుంది, ఆమె స్టేజీ ఎక్కి పాటలు పాడుకుంటుంది. ఆ సారా వ్యాపారిని నేనే. తెర లేచిన ఆరో నిమిషంలో నా పని అయిపోతుంది. ఆ తరువాత లోపలికి వెళ్ళి మీసం అంటించుకుని వచ్చి జ్యూరీలో కూర్చుంటాను. నన్ను చంపిన మనిషిని నిర్దోషి అని వదిలేసే పన్నెండుమందిలో నేనూ ఒకణ్ణి.

మొదటి ఏడాది ఇది తలుచుకుంటే నవ్వొచ్చేది. రెండో ఏడాది విసుగొచ్చేది. మూడో ఏడాదికి ఏదీ రావడం మానేసింది. నాన్న పోయాడని అక్క ఫోను చేసినప్పుడు మేము టొలీడోలో ఉన్నాం. అలాగా అన్నాను. మీసం అంటించుకున్నాను, వెళ్ళి జ్యూరీలో కూర్చున్నాను. చెడ్డవాణ్ణేమీ కాదు, బండబారిపోయాను. బస్సు, హోటలు, ఇంకో ఊరు, అదే చావు. ఎవరైనా బండబారతారు.

ఆ ఏడు జనం రావడం తగ్గింది. పేరున్న మనిషినెవరినైనా ఓ ఆరు వారాలకు పట్టుకొచ్చి టిల్లీ వేషం కట్టించడం మా కంపెనీకి అలవాటే. వంటలావిడ అలా వచ్చిందే. ఈసారి న్యూయార్క్‌లో కూర్చున్న మా ప్రొడ్యూసర్లు ఇంకో మెట్టు దిగారు. నిజంగానే మొగుణ్ణి కాల్చి నిర్దోషిగా బయటపడ్డ మనిషిని తెచ్చారు. సిగ్గూ ఎగ్గూ లేకపోతే ఏ పనైనా సులువే.

కొరీన్ కేసు తెలియనివాళ్ళు మా దేశంలో లేరు. ఇండియానాలో ఓ చిన్న ఊరు. అర్ధరాత్రి వంటింట్లో చప్పుడైతే దొంగ అనుకుని చీకట్లోనే కాల్చాననీ, కాల్చి వెనక్కి తిరిగి చూడకుండా పక్కింటికి పరిగెత్తాననీ ఆమె చెప్పింది. పోయినవాడు మొగుడు, రసెల్. పోలీసులు వచ్చేసరికి వంటింట్లో దీపం ఆరే ఉంది. కాల్చినప్పుడు మాత్రం వెలుగుతూ ఉందని, ఆ తరువాత ఆమే ఆర్పిందని ప్రభుత్వ వకీలు వాదించాడు. ఐదు వారాల విచారణ మొత్తం ఆ ఒక్క దీపం చుట్టూ తిరిగింది. కోర్టు బయట జనం రెండు పార్టీలయ్యారు. దీపం వెలిగే ఉందన్న పార్టీ పట్టపగలు టార్చిలైట్లు వెలిగించి ఊపేది, చీకటేనన్న పార్టీ మాడిపోయిన బల్బులు దండలు కట్టి మెళ్ళో వేసుకునేది. బల్బులవాళ్ళు గెలిచారు. ఆ తరువాత ఆమె ఒక పుస్తకం రాసింది, టీవీలో ఏదో పోటీలో గంతులు వేసింది, ఇప్పుడు మా దగ్గరికి వచ్చింది.

ఎలాంటి రాక్షసి దిగుతుందోనని చూస్తుంటే, నిమ్మకాయ కేకు ముక్కలు రేకు డబ్బా నిండా పెట్టుకుని ఒక నడివయసు మనిషి దిగింది. దీపాలు వేసేవాళ్ళ దగ్గర్నుంచి గుడ్డలు ఇస్త్రీ చేసేవాళ్ళ దాకా అందరి పేర్లూ రెండు రోజుల్లో నేర్చుకుంది. పాట రాదు. మోకాలు నొప్పి. అయినా ఒక్కసారి కూడా నావల్ల కాదనలేదు. నిజం చెప్పాలంటే నాకు నచ్చింది. రెండో వారానికి మా అందరి జబ్బూ ఆమెకు అంటుకుంది. స్టేజీ మీద ప్రతిదీ ఉన్నది ఉన్నట్టు ఉండాలనే జబ్బు. ఆ రోజుల్లో టోపీ ఏ వైపుకు వంచేవాళ్ళు, చేతి సంచి ఏ చేత్తో పట్టుకునేవాళ్ళు అని మా మేనేజరు డెనీస్‌ను పట్టుకుని ప్రాణం తీసేది.

మూడో వారం డేటన్‌లో. మంగళవారం మొదటి ఆట. నటులు వెళ్ళే పక్క తలుపు దగ్గర టార్చిలైట్లవాళ్ళూ బల్బులవాళ్ళూ తయారయ్యారు. ఇప్పుడు వాళ్ళకు కోపాలేమీ లేవు, ఇరుపక్షాలూ కలిసి ఫొటోలు తీసుకుంటున్నాయి. వాళ్ళకు దూరంగా, సందు గోడకు ఆనుకుని ఒక పెద్దావిడ నిలబడి ఉంది. డెబ్భై దాటి ఉంటాయి. గోధుమరంగు కోటు, చేతిలో కాఫీ ఫ్లాస్కు. రాతల అట్ట లేదు, నినాదం లేదు. రసెల్ తల్లి వెర్నా అని తలుపు దగ్గరి కాపలావాడు నా చెవిన వేశాడు. రెండు గంటలు బస్సులో ప్రయాణం చేసి వచ్చిందట. కుర్చీ వేస్తానంటే వద్దన్నదట. ఇంకెవర్నీ పలకరించలేదు. నన్ను మాత్రం చెయ్యెత్తి ఆపింది.

"ఆమె చేతిలో చచ్చిపోయే అబ్బాయివి నువ్వేనా?" అంది.

నేనేనన్నాను.

"లోపల ఎప్పుడైనా అందా నాయనా? ఆ దీపం సంగతి?"

అనలేదని చెప్పాను. ఆమెను మళ్ళీ జైల్లో పెట్టించాలని తాను రాలేదంది వెర్నా. ఒకసారి వదిలేశాక అదే నేరానికి మళ్ళీ విచారించడం మా చట్టంలో లేదు, ఆ సంగతి ఆవిడకూ తెలుసు.

"చీకట్లో పొరపాటున పోయాడంటే అదో చావు. దీపం ఉండి, మొహం చూసి మరీ కాల్చిందంటే అది ఇంకో చావు. నా కొడుకు ఏ చావు చచ్చాడో తెలియకుండానే నేనూ పోవాలా?"

నాకు తెలియదమ్మా అన్నాను. అప్పటికి అది నిజమే. ఆవిడ తలూపి పక్కకు తప్పుకుంది. నేను లోపలికి వెళ్ళి చచ్చిపోయి, మీసం పెట్టుకున్నాను.

మా నాటకాలవాళ్ళకు ఒక నియమం ఉంది. ఆటలో కొట్లాటగానీ కాల్పులుగానీ ఉంటే, ప్రతి ఆటకూ ముందు అందులో ఉన్నవాళ్ళంతా స్టేజీ మీదకు వచ్చి, ఆ ముక్కను సగం వేగంతో ఒకసారి నడిచి చూపించాలి. ఎవరికీ దెబ్బ తగలకుండా ఈ జాగ్రత్త. వెయ్యోసారైనా సరే, తప్పదు. డెనీస్ పిస్తోలు తెరిచి ఖాళీగా ఉందని మా ఇద్దరికీ చూపిస్తుంది. కొరీన్ నా భుజానికి జానెడు పక్కకు గురిపెడుతుంది. ఆటలో చప్పుడు చేసేది డ్రమ్ములవాడు. ఆ వేళకు వాడింకా రాడు కాబట్టి ఆమే నోటితో ఠాప్ అంటుంది. నేను గుండె పట్టుకుని గిర్రున తిరిగి టోపీల అట్టపెట్టెల మీద పడతాను. డెనీస్ పుస్తకంలో టిక్కు పెడుతుంది. ఎవరి దారిన వాళ్ళం పోతాం.

బుధవారం పగటి ఆటకు ముందు అలాగే నడిచాం. ఠాప్ అంది, పడ్డాను. లేచి దులుపుకుంటుంటే కొరీన్ పిస్తోలు డెనీస్‌కు ఇచ్చేసి నా దగ్గరికి వచ్చింది. మొహంలో మొహమాటం ఉంది.

"లైల్, ఏమీ అనుకోకు. నువ్వు పడే తీరు నాకు మొదట్నుంచీ నచ్చట్లేదు."

డైరెక్టరు చెప్పినట్టే పడుతున్నానన్నాను.

"ఆయనకేం తెలుసు? మనిషి అలా పడడు. గుండె పట్టుకోడు, గింగిరాలు తిరగడు. ముందు కూర్చుంటాడు. బాగా అలిసిపోయి కూలబడ్డట్టు. కళ్ళజోడు ఊడిపోతుంది కదా, అప్పుడు ఇదిగో, ఇలా..."

ఆ మోకాలితోనే ఆమె మెల్లగా నేల మీద కూర్చుంది. ఎడం అరచేత్తో నేలను తట్టింది. దగ్గరగా, కాస్త దూరంగా, మళ్ళీ దగ్గరగా.

"ఇలా తడుముతాడు. నీ వంక చూడడు, తుపాకీ వంక చూడడు. ముందు వాడికి కళ్ళజోడు కావాలి."

నా వేషానికి కళ్ళజోడు లేదు. మూడేళ్ళలో ఏనాడూ లేదు. డెనీస్ చేతిలో పెన్సిలు ఆగిపోయింది. కొరీన్ కింద నుంచే చెయ్యి చాపి, లేపవూ, మోకాలు పట్టేసింది అంది. లేపాను. ఆమె చెయ్యి వెచ్చగా, మామూలుగానే ఉంది. ఇలా చేస్తే జనం నవ్వరు చూడు అనేసి, కనురెప్పలు అంటించుకోవడానికి లోపలికి వెళ్ళిపోయింది. తన నోటివెంట ఏం వచ్చిందో ఆమెకు తెలుసో లేదో నేను ఈనాటికీ చెప్పలేను.

చీకట్లో కాల్చి పక్కింటికి పరిగెత్తిన మనిషికి నేలను తడిమే చెయ్యి ఎక్కడ కనిపిస్తుంది? ఏ చెయ్యో కూడా తెలుసు ఆమెకు. దీపం వెలుగుతూనే ఉంది. ఆమె నిలబడి చూసింది, చూసి నేర్చుకునేంతసేపు. ఈ మాటలన్నీ నాకు వరుసగా తోచాయి. తోచినా లోపల ఎక్కడా ఏదీ కదల్లేదు. సామాన్ల పెట్టెలో పాతకాలపు కళ్ళజోడు ఒకటుండాలి, వెతుక్కో అంది డెనీస్, నా వంక చూడకుండా. వెతుక్కున్నాను.

ఆ మధ్యాహ్నం కొత్త తీరులో పడ్డాను. కూర్చున్నాను, తడిమాను. ఎప్పుడూ ఇక్కడ గొల్లున నవ్వే జనం కిక్కురుమనలేదు. పైన నిలబడ్డ కొరీన్ పెదవులు కదిపింది. "అదే," అంది.

ఆట అయ్యాక డెనీస్ నన్ను నడవాలో ఆపింది. ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్న మనిషి, మంచిదే, తిక్కది. తను విన్నది ఒక నటి ఇచ్చిన సలహా మాత్రమేననీ, అంతకు మించి ఏమీ వినలేదనీ చెప్పింది. కొరీన్ కేసు గురించి బయట నోరు విప్పబోమని మేమందరం పెట్టిన సంతకాలు గుర్తుచేసింది. ఇక ఆ తల్లికి చెప్పి ఏం లాభమని అడిగింది.

"కోర్టు మళ్ళీ తెరవరు. చచ్చినోడు లేచి రాడు. చెప్పావనుకో, ఆవిడ ఇంటికెళ్ళి ఆ చెయ్యినే తలుచుకుంటూ బతకాలి. నీకు మనసొప్పుతుందా?"

ఒప్పదనో ఒప్పుతుందనో చెప్పడానికి మనసంటూ ఒకటి పనిచేస్తుండాలి. నాది ఆపేసి చాలాకాలమైంది. ఆ సాయంత్రం పక్క తలుపు వదిలేసి, ముందు గుమ్మం గుండా టిక్కెట్ల జనంలో కలిసి బయటికి పోయాను. గురువారం, శుక్రవారం కూడా అదే దారి. గాజు తలుపుల్లోంచి చూస్తే సందు మొదట్లో గోధుమరంగు కోటు కనిపించేది. పిరికితనమా అంటే అదీ కాదు, భయం వేస్తేగా పిరికితనం. చెప్పాలనిపించలేదు, చెప్పకూడదనీ అనిపించలేదు. శుక్రవారం పొద్దున హోటల్లో గుడ్లూ రొట్టే తింటుంటే, ఎదుటి బల్ల దగ్గర ఒకావిడ నా చెయ్యి వంకే చూస్తోంది. చూసుకుంటే నా ఎడం చెయ్యి ప్లేటు పక్కన బల్లను తడుతోంది. తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

శనివారం డేటన్‌లో ఆఖరు రోజు. పగటి ఆటలో ఠాప్‌మన్నాక కూర్చున్నాను, కళ్ళజోడు జారిపడింది, తడమడం మొదలెట్టాను. డ్రమ్ములవాడు నాలుగు దెబ్బలు వేస్తాడు, అప్పటికి నేను వెనక్కి వాలాలి. నాలుగూ వేశాడు. వాలలేదు. మళ్ళీ నాలుగు వేశాడు. నా చెయ్యి ఆగలేదు. కళ్ళజోడు నాకు కనిపిస్తూనే ఉంది, మూరెడు దూరంలో, కానీ అటు పోబుద్ధి కాలేదు. అది నా కళ్ళజోడు కాదు కదా అనిపించింది. కొరీన్ జనానికి వీపు తిప్పి నా మీదకు వంగింది. పెదాల మీద టిల్లీ నవ్వు అలాగే ఉంది.

"చాలు లైల్. అంతసేపు తడమలేదు," అంది.

వెనక్కి వాలాను. పాట అందుకుంది. టోపీల ఆడవాళ్ళు నా చుట్టూ ఆడి, నన్ను కాళ్ళు పట్టి లోపలికి లాగేశారు. మీసం పెట్టుకుని జ్యూరీలో కూర్చున్నాను. తీర్పు చెప్పేటప్పుడు పన్నెండుమందిమీ ఒకేసారి లేచి 'నిర్దోషి' అని పాడాలి. నా నోరు తెరుచుకుంది, గొంతు రాలేదు. మిగతా పదకొండుమంది పాడేశారు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

సాయంత్రం ఆటకు ఇంకా వేళ ఉంది. మొహాన రంగు కడుక్కోకుండానే పక్క తలుపు తీసుకుని బయటికి వచ్చాను. ఫొటోలవాళ్ళు కాఫీలకు పోయినట్టున్నారు, సందులో ఎవరూ లేరు. వెర్నా గోడ దగ్గరే ఉంది. ఫ్లాస్కు మూతలో కాఫీ పోసుకుంటోంది. నన్ను చూసి, ముందు గుమ్మంలోంచి పోతున్నావటగా అంది. కోపంగా అనలేదు.

"దీపం వెలుగుతూనే ఉందమ్మా," అన్నాను.

ఆవిడ కాఫీ తాగలేదు. మూతలోది మళ్ళీ ఫ్లాస్కులోకే పోసి బిగించింది.

"ఆమె చెప్పిందా?"

"చెప్పలేదు. చూపించింది."

"ఏం చూపించింది?"

చెప్పబోతే మాటలు కూడలేదు. నాకు చేతనైన పని ఒక్కటే. ఆ సందులో, సిమెంటు మీద, మెల్లగా కూలబడ్డాను. ఎడం చేత్తో నేల తడిమాను. దగ్గరగా, కాస్త దూరంగా, మళ్ళీ దగ్గరగా. వేలమంది ముందు పడ్డవాణ్ణి, ఒక్క మనిషి ముందు పడటం అంత కష్టమని నాకు తెలియదు. తలెత్తి ఆవిడ మొహం చూడలేకపోయాను. ఆవిడ బూట్లే కనిపిస్తున్నాయి, వాటి లేసులు రెండు ముళ్ళు వేసి గట్టిగా కట్టి ఉన్నాయి.

వెర్నా ఫ్లాస్కు గోడ పక్కన పెట్టింది.

"ఎడం చెయ్యే. వాడికి ఆరో ఏట కళ్ళజోడు వచ్చింది. లేవగానే మంచం పక్కన ఇలాగే తడిమేవాడు. నేనే అందించేదాన్ని."

నేను ఆపాలి, చెయ్యి ఆగట్లేదు.

"దొరికిందా నాయనా?" అంది. "వాడికి దొరికిందా?"

దొరికిందని ఒక్క అబద్ధం ఆడితే సరిపోయేది. రోజూ ఆడేది అబద్ధాలే. ఆవిడకు మాత్రం ఆడలేకపోయాను.

"ఆమె చూపించినదాంట్లో దొరకలేదమ్మా."

బూట్లు నా దగ్గరికి వచ్చాయి. గోడ పట్టుకుని, ఒక మోకాలు, తరువాత రెండో మోకాలు, ఆవిడ నేలకు దిగింది. తన కళ్ళజోడు తీసింది. తీసి, తడుముతున్న నా అరచేతి కింద పెట్టింది. పెట్టి నా వేళ్ళను ఒక్కొక్కటే దానిమీదకు మూసింది.

"ఇదిగో, ఇక్కడే ఉంది," అంది. "ఇక వెతక్కు."

అప్పుడు నొప్పి పుట్టింది. ఒక్కచోట కాదు, ఒళ్ళంతా. నాన్న పోయిన నొప్పి, పేరు తప్ప మొహం తెలియని రసెల్ నొప్పి, అన్నీ ఒకేసారి వచ్చి పడ్డాయి. మొహాన రంగంతా కారిపోయేలా ఏడ్చాను, ఆవిడ నా తల మీద చెయ్యి వేసి ఉంచింది. వెనక తలుపు తెరిచి, కాల్పులు నడిచి చూపించే వేళయింది, రమ్మని డెనీస్ పిలిచింది. మళ్ళీ పిలిచింది. నేను లేవలేదు.